బాల్యము మంజూరు చేయడమైనది

చిన్నప్పుడు బొమ్మలు గీసినవాళ్ళకి పెద్దయ్యాక బుర్ర పాదరసంలా పనిచేస్తుందట. ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు. మా జీలుగుపేట మునిసిపల్ కమిషనర్ చిత్తరంజన్ గారు ఏదో చలి ఊళ్ళో మూడురోజుల ట్రైనింగుకి వెళ్ళి రెండు వస్తువులు తెచ్చుకున్నారు. ఒకటి ఉన్ని శాలువా, రెండోది ఈ నిజం. శాలువా మా ఊరి ఎండకి పనికిరాదని తెలిసి బీరువాలో పెట్టేశారు. నిజాన్ని మాత్రం బయటికి తీశారు.

వచ్చిన మర్నాడే కౌన్సిల్ హాల్లో అందర్నీ కూర్చోబెట్టారు. గుమాస్తాల దగ్గర్నుంచి చెత్తబండి వాళ్ళ దాకా అందరం వెళ్ళాం. కుర్చీలు చాలక మాలాంటివాళ్ళం గోడకి ఆనుకున్నాం.

"మిత్రులారా! ఒక ఇంజనీరు వంతెన కట్టాడంటే అది సిమెంటూ ఇనుమూ అనుకుంటున్నారా? కాదు. అతను ఒకటో తరగతిలో గీసిన ఇంద్రధనుస్సు అది!" అన్నారు కమిషనర్ గారు.

చప్పట్లు కొట్టాం. మా ఊరి వాగుమీద వంతెన కట్టిన రెండేళ్ళకే నడుమ వంగిపోయింది. అదీ ఇంద్రధనుస్సు గీసినాయనే కట్టి ఉంటాడు, కాకపోతే కాగితం తిరగేసి పట్టుకున్నాడేమో అనుకున్నాను.

ఆ మాట తప్పని నేననను. అంత చదువుకున్నవాళ్ళు అంత దూరం వెళ్ళి తెలుసుకున్నది తప్పెందుకవుతుంది? నిజం ఎప్పుడూ నిజమే. దానికి ఫారం అచ్చువేసిన దగ్గర్నుంచే చిక్కు మొదలవుతుంది.

ఫారం వారంలో వచ్చింది. ఏడో గడిలో ఇలా ఉంది: "ఉద్యోగి బాల్యంలో అభ్యసించిన చిత్రకళ వివరములు: తరగతి, గురువు పేరు, వాడిన రంగులు. బాల్యమున గీసిన చిత్రము ఒకటి, గెజిటెడ్ అధికారి ధ్రువీకరణతో జతపరచవలెను." కింద సన్నని అక్షరాల్లో, "ఇకమీదట సృజనాత్మకత నిరూపించబడని వారి పేర్లు పర్మినెంటుకు పరిశీలించబడవు" అని.

ఆ కింది లైను నాకోసమే రాసినట్టుంది. నా పేరు నూకరాజు. ఊళ్ళో కుళాయి నీళ్ళు వదిలేది నేనే. కోడి కూయకముందే గునపం భుజాన వేసుకుని వీధివీధికీ వెళ్ళి, ఇనప మూత ఎత్తి, గుంటలో దిగి, వాల్వు చక్రం తిప్పుతాను. రికార్డు ప్రకారం ముప్పయ్యొక్క సంవత్సరాల నుంచి టెంపరరీని. ఆ ఏడాది పర్మినెంటు చెయ్యబోయే పన్నెండుమంది జాబితాలో నాలుగో పేరు నాది. ముప్పయ్యొక్క ఏళ్ళకి మొదటిసారి నా పేరు టైపుమిషను మీదికెక్కింది.

ఏడో గడి ఖాళీగా వదిలి ఫారం ఇచ్చాను. సూపరింటెండెంటు అవధానులు గారు పిలిపించారు. ఆయన చెడ్డవాడు కాదు. నలభై ఏళ్ళు ఫైళ్ళ మధ్య పెరిగినందువల్ల ఆయన మాటకీ కాగితానికీ తేడా ఉండదు, అంతే.

"బాల్యం ఖాళీగా వదిలేశావేమయ్యా?"

"ఖాళీగానే ఉందండి."

"ఖాళీగా ఉండరాదు. నిల్ అయితే నిల్ అని రాయాలి. నిల్ అని రాస్తే ఎందుకు నిల్ అయిందో కారణం రాయాలి. ఎంతవరకూ చదివావు?"

"ఐదో తరగతి మధ్యలో మానేశానండి."

"ఆ సగంలో బొమ్మలు గీయలేదా?"

"పలక మీద గీసేవాళ్ళం. ఉమ్మితో తుడిచేసేవాళ్ళం."

"అంటే ఆధారాలు నువ్వే మాయం చేశావన్నమాట," అని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పదిరోజుల గడువిస్తున్నాను. ఎక్కడన్నా ఉంటుంది, వెతుక్కో."

వెతుక్కోవడం నా ఒక్కడికే కాదు, ఆఫీసంతటికీ వచ్చింది. ఆ పదిరోజులూ ఆఫీసు క్యాంటీన్లో టీ దొరకలేదు. తెల్లకాగితం మీద ఈవేళ గీసిన బొమ్మని డికాషన్లో ఓ పూట నానబెట్టి ఎండబెడితే ముప్పయ్యేళ్ళనాటి బొమ్మలా ఉంటుందని వీధిలైట్ల సింహాచలం కనిపెట్టాడు. అందరి బాల్యాలూ టీలో నానుతున్నాయి. సింహాచలం మా పక్కింటివాడే. వాడి బాల్యం బాగా ముదిరింది కూడాను. అంచులు చిరిగి, ఓ మూల ఎలక కొరికినట్టు చేశాడు. గెజిటెడ్ సంతకానికి అదే ఎక్కువ నచ్చిందట.

ఇంటికెళ్ళి మా ఆవిడ పైడితల్లితో చెప్పాను.

"నీకు బాల్యం లేకపోతే ఆల్లకేటి నొప్పి మావా?" అంది. తర్వాత అదే ఆలోచించింది. "మా అక్క మనవరాలు బొమ్మలేత్తది. దాన్నడుగుతానుండు."

ఆ పిల్ల పావుగంటలో గీసిచ్చింది. పూరిల్లు, కొబ్బరిచెట్టు, ఇంటిముందు ఆవు. దాన్ని మేమూ టీలో ముంచి, చూరుకింద ఎండబెట్టాం. తీసుకెళ్ళి అవధానులు గారి బల్లమీద పెట్టాను. ఆయన భూతద్దం తీశారు.

"ఈ పూరింటి మీద పళ్ళెంలా ఉందేమిటి?"

చూశాను. డిష్ యాంటెన్నా. పిల్ల తనకి తెలిసిన ఇల్లు గీసింది మరి.

"నీ చిన్నప్పుడు డిష్ ఎక్కడిదయ్యా?"

"ఊహించానండి," అన్నాను. ఇంకేమనాలి?

ఆయన భూతద్దం కింద పెట్టారు. "ఊహించడం మంచిదే. సర్క్యులర్ ఉద్దేశమూ అదే. కానీ ఊహకి ఆధారం జతపరచాలి," అని కాగితం వెనక్కి తోసేశారు.

గడువు అయ్యేసరికి బాల్యం లేనివాళ్ళం పంతొమ్మిదిమంది తేలాం. చెత్తబండి వాళ్ళు, కాలువలు తీసేవాళ్ళు, స్మశానం వాచ్‌మన్, నేను. మా ఫైలు కమిషనర్ గారి ముందుకి వెళ్ళింది. తీసేస్తారనుకున్నాం. తీసెయ్యలేదు. ఆయనది జాలిగుండె.

"వీళ్ళకి బాల్యం లేకపోవడం వీళ్ళ తప్పు కాదు. బాల్యం లేనివారికి బాల్యం కల్పించడం పురపాలక సంఘం కనీస బాధ్యత. రోడ్డు లేని వీధికి రోడ్డు వెయ్యడం లేదూ?" అన్నారట.

మా ఊళ్ళో రోడ్డు లేని వీధులకి రోడ్డు వేసినట్టు నాకు గుర్తులేదు. కానీ ఆర్డరు మాత్రం వచ్చింది. "విషయము: బాల్యము లేని సిబ్బందికి పరిహార బాల్యము, ఆరు వారముల కాలమునకు, మంజూరు చేయడమైనది." చివర ఉత్తీర్ణులైన వారు బాల్యము పూర్తిచేసినట్లు పరిగణించబడుదురు, పర్మినెంటుకు అర్హులగుదురు అని ఉంది. ఆ ముక్క పైడితల్లికి రెండుసార్లు చదివి వినిపించాను.

"ఆరువారాలే కదా మావా. పిల్లల్తో కూకుని గీసీ. ఇన్నేళ్ళు గుంటలో కూకున్నావు, బడిలో కూకోలేవా?"

పంపుహౌసు వీధిలో మునిసిపల్ ఎలిమెంటరీ స్కూలుంది. రెండో తరగతి గది మాకిచ్చారు. కమిషనర్ గారు కొబ్బరికాయ కొట్టి, పలకమీద కప్పిన పట్టుగుడ్డ తొలగించి ప్రారంభించారు. నిక్కర్లు వేసుకోవాలా వద్దా అని అంతకుముందే కమిటీ కూర్చుందట. "మోకాళ్ళు కనబడుట వాంఛనీయమే గాని తప్పనిసరి కాదు" అని తేల్చింది. అదృష్టం. స్మశానం వాచ్‌మన్‌కి అరవై దగ్గర పడుతున్నాయి.

రెండో తరగతి పిల్లల్ని వరండాలోకి మార్చారు. వాళ్ళకి వారానికో డ్రాయింగు పీరియడు ఉండేది. కానీ స్కూలు మొత్తానికి డ్రాయింగు చెప్పే టీచరు ఒక్కతే, రంగుల డబ్బాలు ఇరవై. పెద్దవాళ్ళ బాల్యం అత్యవసరం కాబట్టి పిల్లల బాల్యం ఆరువారాలు వాయిదా వేశారు. ఆ పీరియడులో వాళ్ళు బయట కూర్చుని పదమూడో ఎక్కం చదివేవారు. కిటికీలోంచి మా రంగులకేసి చూస్తూ చదవడం వల్ల చాలామందికి పదమూడేడుల దగ్గర తప్పేది.

టీచరు పేరు సుగుణమ్మ. ముప్పయ్యేళ్ళ సర్వీసు, మోకాళ్ళ నొప్పి. మమ్మల్ని చూసి నవ్వలేదు, కోప్పడలేదు. మొదటిరోజే సంగతి చెప్పేసింది.

"బాబులూ, చూడండి. మోడల్ బొమ్మ పైనుంచి పంపారు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు. కొండల్లోంచి ఏరు, ఏటి పక్కన పూరిల్లు, ఇంటి పక్కన కొబ్బరిచెట్టు. ఆకాశంలో నాలుగు పిట్టలు. మూడు అంకె పడుకోబెడితే పిట్ట. కొండకి రెండేసి మార్కులు, సూర్యుడికి నాలుగు, పిట్టకి అరమార్కు."

"సృజనకండీ?" అనడిగాడు స్మశానం వాచ్‌మన్. వాడికి ఆ మాట పలకడం కొత్త, సరదా.

"ఐదు మార్కులు. మోడల్‌ని ఉన్నదున్నట్టు దించితే."

గీశాం. పొద్దున్న నీళ్ళు వదిలేసి, స్నానం చేసి, పదింటికి వెళ్ళి కూర్చునేవాణ్ణి. బయటికెళ్ళాలంటే చిటికెనవేలు చూపించాలి. మా చేతుల్లో రంగుబలపాలు ఊరికే విరిగిపోయేవి. ఇనప మూతలెత్తిన చేతికి బలపం ఎంత గట్టిగా పట్టుకోవాలో తెలియదు. మూడోవారానికి పట్టు దొరికింది. దొరికాక, ఎందుకో చెప్పలేను, పదెప్పుడవుతుందా అని చూసేవాణ్ణి.

కానీ ఆ బొమ్మ నాకు రాలేదు. కొండలొచ్చాయి, ఏరొచ్చింది. సూర్యుడి దగ్గర ఆగిపోయేవాణ్ణి.

"ఏమైంది నూకరాజుగారూ?" అంది సుగుణమ్మ.

"సూర్యుడు పొడవడం నేను చూసి చాలా ఏళ్ళయిందండి. ఆ టైముకి నా తల గుంటలో ఉంటుంది."

"మీరేం చూస్తారో అదే గీయండి, ఈ ఒక్కరోజుకీ."

గీశాను. కాగితమంతా నల్లరంగు పులిమాను. పైన, మధ్యలో, గుండ్రంగా ఓ తెల్లటి బిళ్ళ వదిలాను. అది గుంట మూత తీసిన కన్నం. ఆ కన్నం చుట్టూ బిందెలు పట్టుకుని కిందికి వంగి చూస్తున్న ఆడవాళ్ళ మొహాలు. అందరి నోళ్ళూ తెరిచున్నాయి. తిడుతున్నారు కదా, నీళ్ళు ఆలస్యమైందని.

సుగుణమ్మ ఆ కాగితాన్ని కిటికీ వెలుగులోకి తీసుకెళ్ళి చూసింది. పిలిస్తే స్మశానం వాచ్‌మన్ కూడా వచ్చి చూశాడు. "లోపల్నించి చూస్తే ఇలా ఉంటదన్నమాట," అన్నాడు. వాడు గుంటల్ని ఎప్పుడూ పైనుంచే చూస్తాడు.

"మార్కులెన్నండీ?" అనడిగాను.

"చాలా బాగుందండీ."

"మార్కులు?"

"సూర్యుడు లేడు. కొండల్లేవు, పిట్టల్లేవు." కళ్ళు దించుకుంది. "సున్నా వెయ్యాలండీ. పైవాళ్ళు లెక్క చూసుకుంటారు."

ఆరోజు ఇంటికెళ్ళాక కూడా చెయ్యి ఊరుకోలేదు. సిమెంటుబస్తా కాగితం చింపి, ఊరి పైపులన్నీ గీశాను. బజారు లైను ఎర్రరంగు, ఆఫీసర్ల బంగళాల లైను నీలం, తాటితోపు కాలనీకి వెళ్ళేది పచ్చ. ఇన్నేళ్ళూ ఆ పైపులు నా కాళ్ళకి తెలుసు, చేతులకి తెలుసు. కంటికి తెలియదు. ఎవరూ ఒక్కచోట గీసి చూపించలేదు. గీస్తే కనబడింది. పంపుహౌసు వెనక నీలం గీతకీ పచ్చ గీతకీ మధ్య చిన్న అడ్డపైపుంది. దాని వాల్వు నేనెప్పుడూ మూసే ఉంచాను. మూసి ఉంచమని నాకు పని నేర్పినవాళ్ళు చెప్పారు. ఎందుకో వాళ్ళకీ ఎవరూ చెప్పలేదు.

తాటితోపు కాలనీ లైనుకి చివర. అక్కడ కుళాయిలో నీళ్ళకంటే గాలి ఎక్కువ వస్తుంది. మర్నాడు బంగళాల నీళ్ళు కొంత కాలనీకి మళ్ళేలా ఆ అడ్డవాల్వు సగం తెరిచాను. బంగళాల తర్వాత బజారు, బజారు తర్వాత కాలనీ అనే వరుస కూడా తిరగేశాను. ముందు కాలనీకే వదిలాను.

తెల్లారి అటు వెళ్ళేసరికి కాలనీ వాళ్ళు బిందెలూ బకెట్లూ నింపేసి, పిల్లలకి వీధిలోనే తలంట్లు పోస్తున్నారు. కూరల గంప కన్నమ్మ కొంగు బిగించి ఎదురొచ్చింది.

"ఏటి నూకరాజు బావా, నువ్వు దారి తప్పేవా, నీల్లు దారి తప్పేయా?"

"రెండూనే."

"తప్పితే తప్పేవు గానీ, మల్లీ దారిలో పడిపోకు బావా!"

చిన్నప్పుడు బొమ్మలు గీస్తే పెద్దయ్యాక బుర్ర పనిచేస్తుందన్నారు కదా. ఆలస్యంగా గీసినా పనిచేస్తుందని నాకు తెలిసింది. ఈ మాట కమిషనర్ గారికి చెబితే ఎంత సంతోషిస్తారో అనుకున్నాను.

ఆయనకి నేను చెప్పక్కర్లేకపోయింది. ఆరోజు బంగళాలో ఆయన తలకి సబ్బు రుద్దుకుని కళ్ళు మూసుకున్న సమయానికి షవరు దారంలా సన్నబడిందట. మధ్యాహ్నానికి మెమో. "సృజనాత్మకత శిక్షణ పూర్తికాకమునుపే, అధికారుల అనుమతి లేకుండా, సృజనాత్మకత ప్రదర్శించుట తీవ్రమైన క్రమశిక్షణా రాహిత్యము. అడ్డవాల్వు తక్షణమే మూయవలెను."

మూశాను. పర్మినెంటు జాబితాలో నాలుగో పేరు కదా నాది.

ఆరువారాల చివర పరీక్ష పెట్టారు. ఈసారి బుద్ధిగా కొండలూ సూర్యుడూ దించుదామనే కూర్చున్నాను. కొండలు దించాను. సూర్యుణ్ణి గుండ్రంగా గీశాను. గీశాక చెయ్యి దాని చుట్టూ మొహాలు పెట్టేసింది. నేను వద్దంటూనే ఉన్నాను. పద్దెనిమిదిమంది పాసయ్యారు. పద్దెనిమిది కాగితాల్లోనూ పిట్టలు కూడా ఒకే మూలన ఎగురుతున్నాయని, ఇంత ఏకాభిప్రాయంతో కూడిన సృజన తామెక్కడా చూడలేదని పైనుంచి ప్రశంసాపత్రం వచ్చింది. నేనొక్కణ్ణే తప్పాను.

అవధానులు గారు నా సర్వీసు రిజిస్టరు తెరిచారు.

"నీకు ఫలానా తేదీన బాల్యం మంజూరైంది. ఔనా?"

"ఔనండి."

"పూర్తికాలేదు. ఔనా?"

"ఔనండి."

"అయితే నువ్విప్పుడు ఎక్కడున్నావు?"

"మీ బల్ల ముందండి."

"బాల్యంలో ఉన్నావయ్యా!" అని, నీలం సిరాతో "బాల్యము: కొనసాగుచున్నది" అని రాసి, ముద్రవేసి, నకళ్ళు తీయించారు. ఆయన దగ్గర ఓ పద్ధతుంది. ఏ కాగితం మీద "బాల" అన్న అక్షరాలున్నా ఒక నకలు లేబరాఫీసుకి పోవాలి. పోయింది.

ఆ తర్వాతి సోమవారం తెల్లవారుజామున నేను మెయిన్‌రోడ్డు గుంటలో చక్రం తిప్పుతున్నాను. పైన జీపు ఆగింది. కన్నంలోంచి ఓ కుర్ర మొహం, దాని పక్కన కెమెరా, దాని పక్కన బేనరు అంచు కనిపించాయి.

"బాబూ, భయపడకు. మేం నిన్ను రక్షించడానికి వచ్చాం. నెమ్మదిగా పైకి రా నాన్నా," అన్నాడు కుర్రాయన. లేబరాఫీసరట.

పైకొచ్చాను. నా మీసాలు చూసి ఆయన కాగితం చూసుకున్నాడు. మళ్ళీ మీసాలు చూశాడు.

"నూకరాజువి నువ్వేనా?"

"నేనేనండి. నలభై తొమ్మిదేళ్ళు."

"అది పాత రికార్డు ప్రకారం. తాజా రికార్డు ప్రకారం నువ్వు బాల్యంలో ఉన్నావు. రెండు రికార్డులు విరుద్ధంగా ఉంటే తాజాదే చెల్లుతుంది. బాల్యంలో ఉన్నవాణ్ణి గుంటలో దింపి పని చేయించడం నేరం."

"ఇప్పుడా నేరం?"

"ఎప్పుడైనా నేరమే."

"బాబూ, మా నాన్నకి నడుం పట్టేస్తే నన్నీ గుంటలో దింపినప్పుడు నాకు పదకొండేళ్ళు. సన్నగా ఉన్నాను, గుంటలో బాగా ఇముడుతానని మీ జీపులాంటి జీపులో వచ్చినాయనే దింపాడు. పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా రికార్డులో నేను లేను. అప్పుడు రాలేదేం?"

ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. పిల్లాడే పాపం, నా కొడుకు వయసుండదు. "ఆ కాలం ఫైలు నా పరిధిలోకి రాదండీ," అన్నాడు, నాన్నా అనడం మర్చిపోయి. తర్వాత గుర్తొచ్చి నా చేతిలో బిస్కెట్ పొట్లం పెట్టాడు. ఫోటో తీశారు. విముక్తి పొందిన బాలుడు నవ్వాలన్నారు. రెండుసార్లు ప్రయత్నించాను, రాలేదు. అలాగే వేసుకున్నారు.

నన్ను జీపులో ఇంటికి తీసుకెళ్ళి సంరక్షకుల సంతకం అడిగారు. పైడితల్లి చీపురు పట్టుకుని గుమ్మంలోకొచ్చింది.

"ఈ బాలుడికి మీరేమవుతారమ్మా?"

"పెల్లాన్ని."

ఆఫీసరు చేతిలో పెన్ను ఆగిపోయింది. "బాల్యవివాహం కూడానా!"

"పెల్లినాటికి ఆయనకి బాల్యం లేదు బాబూ. మొన్ననే ఇచ్చేరు," అంది మా ఆవిడ.

ఆయన ఊపిరి పీల్చుకుని సంతకం చేయించుకున్నాడు. నన్ను తిన్నగా బళ్ళో వేశారు. రెండో తరగతి. పద్దెనిమిదిమందీ పాసై వెళ్ళిపోయారు కాబట్టి ఇప్పుడు పిల్లలు గదిలోకి వచ్చేశారు, వాళ్ళ మధ్య నేను. జీతం ఆగిపోయింది, దాని బదులు మధ్యాహ్న భోజనం. సోమ, బుధ, శుక్రవారాలు గుడ్డు.

నా స్థానంలో ధ్రువీకరించిన బాల్యం ఉన్నవాడు కావాలని సింహాచలాన్ని వేశారు. వీధిలైట్లు వేసినట్టే వాడు ఊళ్ళో వాల్వులన్నీ ఒకేసారి తెరిచేశాడు. నీళ్ళు ఎటు పోవాలో తేల్చుకోలేక టాంకీ పక్కనే ఉండిపోయాయి. రెండోరోజు అన్నీ ఒకేసారి మూసేశాడు. మూడోరోజు ఏ మూత ఎక్కడుందో మర్చిపోయి, నీళ్ళ గుంట అనుకుని టెలిఫోను వాళ్ళ గుంటలో దిగాడు. నాలుగోరోజు కమిషనర్ గారు సోడాబుడ్ల నీళ్ళతో మొహం కడుక్కుని, గడ్డం గీసుకోకుండా, అవధానులు గారిని వెంటబెట్టుకుని మా క్లాసుకి వచ్చారు.

పిల్లలు లేచి నిలబడి "నమస్కారమండీ" అన్నారు. నేనూ నిలబడ్డాను.

"టీచరుగారూ, ఈ బాలుణ్ణి గంటసేపు పంపండి," అన్నారు కమిషనర్ గారు.

సుగుణమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచింది. "పనికా అండీ? పిల్లల్ని పనికి పంపకూడదు. మీరే సర్క్యులర్ ఇచ్చారు, అదుగో గోడకుంది."

కమిషనర్ గారు అవధానులు గారి వైపు చూశారు. అవధానులు గారు పైకప్పు వైపు చూశారు. అక్కడ దొరికింది ఆయనకి.

"పని చేయరాదు. కానీ నేర్చుకోవచ్చు. క్షేత్ర పర్యటన అనొకటి ఉందండి. విద్యార్థి రోజూ ఉదయం వాల్వుల వద్దకు వెళ్ళి, వాటిని తిప్పుట ద్వారా నీటి ప్రవాహమును అధ్యయనం చేయును. వేతనం ప్రసక్తి లేదు. ఎంతకాలమైనా నేర్చుకోవచ్చు."

"అద్భుతం! ఇదీ సృజనాత్మకత అంటే! అవధానులుగారూ, మీరు చిన్నప్పుడేం గీసేవారు?" అన్నారు కమిషనర్ గారు.

"గళ్ళండి. నోటుపుస్తకం నిండా గళ్ళు."

నేను చిటికెనవేలు చూపించాను. బయటికి కాదు, అడగడానికి. "మరి నా పర్మినెంటు అండీ?"

అవధానులు గారు జాబితా తీసి చూపించారు. నాలుగో పేరు ఎర్రసిరాతో కొట్టేసి ఉంది. పక్కన: "బాలుడు. యుక్తవయస్సు వచ్చిన పిమ్మట పరిశీలించబడును."

ముప్పయ్యొక్క ఏళ్ళు టైపుమిషను ఎక్కని పేరు, ఎక్కి మూడునెలలన్నా నిలవలేదు.

మర్నాడు క్షేత్ర పర్యటనకి వెళ్ళాను. ఒంటరిగా పంపుహౌసు వెనక గుంటలో దిగి, కాసేపు కూర్చున్నాను. పోగొట్టుకోవడానికి ఇంకేం మిగిలిందా అని వెతుక్కున్నాను. ఏమీ దొరకలేదు. అడ్డవాల్వు తెరిచాను. సగం కాదు, పూర్తిగా.

మధ్యాహ్నానికే అవధానులు గారు మెమో టైపు చేయించారు. సంతకం పెట్టబోయి పెన్ను ఆపేశారట. బాలుడికి మెమో ఇచ్చే నిబంధన ఏ పుస్తకంలోనూ లేదు. ఇంక్రిమెంటు ఆపడానికి ఇంక్రిమెంటు లేదు. ఉద్యోగం పీకడానికి ఉద్యోగం లేదు. పిల్లలు తప్పుచేస్తే ఏం చెయ్యాలో ఒకే ఒక్కటి రాసి ఉంది: తల్లిదండ్రులనో సంరక్షకులనో పిలిపించి మందలించాలి.

పైడితల్లిని పిలిపించారు. కమిషనర్ గారి గదిలో నేను ఓ మూలన చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆవిడ కొంగు నిండా కప్పుకుని వినయంగా నిలబడింది.

"చూడమ్మా, మీవాడు అడ్డవాల్వు మళ్ళీ తెరిచాడు. నీళ్ళన్నీ తాటితోపుకి పోతున్నాయి. మా బంగళాకి షవరు రావడం లేదు. మీరు గట్టిగా చెప్పుకోవాలి," అన్నారు కమిషనర్ గారు.

ఆవిడ నా వైపు ఓ కోపపు చూపు చూసింది. తర్వాత కమిషనర్ గారికి రెండు చేతులూ జోడించింది.

"సిన్నపిల్లోడు బాబూ, అల్లరి సేత్తాడు. మనవే ఓర్సుకోవాల. మీరు పర్మినెంటు సేసిన్నాడు పెద్దోడవుతాడు గదా, అప్పుడు మానేత్తాడు లెండి."